ల్యాక్ట్‌మెడ్ సమీక్ష: పాలిచ్చే తల్లికి యాంటీబయాటిక్ రాసినప్పుడు ఎక్కడ, ఎలా చూడాలి

పాలిచ్చే తల్లికి యాంటీబయాటిక్ రాసినప్పుడు రెండు పొరపాట్లలో ఏదో ఒకటి తరచూ జరుగుతుంది. మందు పెట్టెలోని కాగితం మీద "పాలిచ్చేవారు వాడరాదు" అని చూసి బిడ్డకు పాలు మాన్పిస్తారు. లేదా పాలు మాన్పించడం ఇష్టంలేక మందునే మధ్యలో ఆపేస్తారు. రెండూ నష్టమే. చాలా మందుల విషయంలో ఆ హెచ్చరిక వెనుక రుజువైన ప్రమాదమేమీ ఉండదు. పాలిచ్చే తల్లుల మీద కంపెనీ పరీక్షలు చేయలేదు కాబట్టి ముందుజాగ్రత్తగా అలా రాస్తుంది. పాలలోకి మందు ఎంత వెళ్తుంది, బిడ్డ ఒంట్లోకి ఎంత చేరుతుంది అన్న అసలు ప్రశ్నకు అంకెలతో జవాబిచ్చే వెబ్‌సైటు ల్యాక్ట్‌మెడ్.

దీన్ని అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 2006లో మొదలుపెట్టింది. మొదట టాక్స్‌నెట్ అనే సమాచార నిధిలో భాగంగా ఉండేది. 2019 చివర్లో టాక్స్‌నెట్ మూతపడ్డాక, అదే లైబ్రరీ వైద్య పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉంచే ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్ సైటుకు మారింది. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, ప్రకటనల బెడద లేదు. ప్రతి మందు పేజీలోనూ చివరిసారి ఎప్పుడు సవరించారో తేదీ ఉంటుంది. రాసిన ప్రతి మాటకూ ఆధారమైన పరిశోధన పత్రం పేరు అక్కడే కనిపిస్తుంది. మందుల సమాచారం ఇచ్చే సైట్లలో ఈ రెండూ కలిసి దొరకడం తక్కువ. అందుకే దీని మీద నమ్మకం ఎక్కువ.

వాడటంలో మొదటి చిక్కు వెతకడంలోనే ఎదురవుతుంది. పేజీ పైన ఉండే పెట్టెలో మందు పేరు కొడితే అది బుక్‌షెల్ఫ్‌లోని పుస్తకాలన్నిటినీ గాలిస్తుంది, సంబంధం లేని ఫలితాలు వందలకొద్దీ వచ్చిపడతాయి. ల్యాక్ట్‌మెడ్‌లో మాత్రమే వెతికే పెట్టె వేరే ఉంది, దాన్నే వాడాలి. మాత్ర అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు కొట్టాలి. ఆ పేరు కూడా అమెరికాలో వాడే రూపంలో ఉంటుంది. పారాసిటమాల్ పేజీ అసిటమినోఫెన్ పేరుతోనూ, రిఫాంపిసిన్ పేజీ రిఫాంపిన్ పేరుతోనూ ఉంటాయి. కోట్రైమోక్సజోల్ కావాలంటే ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ కలిపిన పేరు కింద చూడాలి. రెండు మందులు కలిసిన మాత్రకు విడిగా పేజీ లేకపోతే లోపలున్న ఒక్కో మందునూ వేర్వేరుగా చూడక తప్పదు. ఒకటి బాగుందని తేలితే రెండోది కూడా బాగున్నట్టే అనుకోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు.

పేజీ తెరవగానే కనిపించే 'సమ్మరీ' పేరాతో చాలామంది ఆగిపోతారు. తొందరలో ఉన్నవారికి అది చాలు. కానీ అసలు సరుకు దాని కింద ఉంది: పాలలో మందు స్థాయి, బిడ్డ రక్తంలో స్థాయి, పాలు తాగే బిడ్డల్లో కనిపించిన ప్రభావాలు, పాల ఉత్పత్తి మీద ప్రభావం, బదులు వాడదగ్గ మందులు. పాలలో స్థాయి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములనో, మైక్రోగ్రాములనో ఇస్తారు. ఆ అంకెను ఎలా చదవాలో తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

పాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు ఒక్కో కిలో బరువుకు సుమారు 150 మి.లీ. తాగుతుందని లెక్క. అమాక్సిసిలిన్ తీసుకుందాం. 60 కిలోల తల్లి 500 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు వేసుకుంటే కిలోకు 25 మి.గ్రా. పడుతుంది. పాలలో లీటరుకు 1 మి.గ్రా. ఉందనుకుంటే బిడ్డకు చేరేది కిలోకు 0.15 మి.గ్రా., అంటే తల్లి డోసులో 0.6 శాతం. సాధారణంగా 10 శాతం లోపు ఉంటే ఆమోదయోగ్యంగా చూస్తారు. అదే బిడ్డకు జబ్బు చేసి అమాక్సిసిలిన్ నేరుగా ఇవ్వాల్సివస్తే రోజుకు కిలోకు 20 నుంచి 30 మి.గ్రా. వరకు ఇస్తారు. పాల ద్వారా వెళ్లేది అందులో నూరో వంతు కూడా కాదు.

10 శాతం దాటితే వెంటనే పాలు ఆపేయాలని కాదు. మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు వేసుకునే తల్లి పాలలో స్థాయి లీటరుకు 15 మి.గ్రా. చుట్టూ ఉంటుంది. పై లెక్కలో పెడితే అది 11 శాతం పైన తేలుతుంది. అయినా బిడ్డకు నేరుగా వైద్యం చేసేటప్పుడు ఇచ్చే మోతాదు కంటే అది చాలా తక్కువ. ఈ మందు మీద నిపుణుల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయని ల్యాక్ట్‌మెడ్ దాచకుండా చెబుతుంది. 2 గ్రాములు ఒకేసారి వేసుకునే పద్ధతిలో మాత్రం పాలలో స్థాయి ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే ఆ తర్వాత 12 నుంచి 24 గంటలు పాలివ్వడం ఆపమనే సలహా ఉంది. తల్లి ఏ పద్ధతిలో వేసుకుంటోందో చూడకుండా "మెట్రోనిడజోల్ మంచిదా కాదా" అని అడిగితే సరైన జవాబు దొరకదు.

యాంటీబయాటిక్‌ల భాగం మొత్తం మీద బాగా రాశారు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతుల గురించి భయం పెంచకుండా, బిడ్డకు అప్పుడప్పుడు విరేచనాలు, నోట్లో తెల్లపూత, దద్దుర్లు రావచ్చని సూటిగా చెప్పారు. జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్ మందులు బిడ్డ పేగుల్లోంచి రక్తంలోకి పెద్దగా వెళ్లవు. డాక్సీసైక్లిన్ అనగానే పళ్లు మరకలు పడతాయన్న భయం ఉంటుంది. పాలలోని కాల్షియం మందును పట్టేస్తుంది కాబట్టి కొద్దికాలపు వాడకంలో ఆ ప్రమాదం చాలా తక్కువని వివరిస్తుంది, దీర్ఘకాలం వద్దంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో డోసు వేసుకున్నాక 3, 4 గంటలు ఆగి పాలిస్తే బిడ్డకు చేరేది తగ్గుతుందన్న ఆచరణకు పనికొచ్చే మాట ఉంది. నోటి ద్వారా లేదా నరం ద్వారా క్లిండామైసిన్ వాడాల్సివస్తే పాలు ఆపక్కర్లేదు కానీ వేరే మందు మేలని, బిడ్డ మలంలో రక్తం కోసం గమనించమని చెబుతుంది. మినోసైక్లిన్ ఎక్కువకాలం వాడితే పాలు నల్లబడ్డ సందర్భాలు నమోదయ్యాయి. ఇలాంటివి ముందే తెలిస్తే తల్లి హడలిపోదు.

లోపం ఎక్కడంటే, బిడ్డ వయసు. వారం రోజుల పసిగుడ్డుకూ, ఏడు నెలల బిడ్డకూ తెరుచుకునే పేజీ ఒకటే. వయసును బట్టి జవాబు మారే చోట ఆ ముక్క పేరా మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, కళ్లకు కట్టేలా విడిగా పెట్టలేదు. యాంటీబయాటిక్‌లలో ఇది చిన్న విషయం కాదు. కామెర్లలో ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్‌ను రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది, సల్ఫామెథాక్సజోల్ దాన్ని అక్కడి నుంచి తప్పిస్తుంది. కామెర్లున్న నవజాత శిశువులో ఆ బిలిరుబిన్ మెదడుకు చేరితే శాశ్వత హాని జరగవచ్చు. నెలలు నిండకుండా పుట్టినవారికి, జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారికి కూడా ఈ మందు వద్దు. పుట్టిన కొత్తలో ఉన్నవారికి, జీ6పీడీ లోపం ఉన్నవారికి నైట్రోఫ్యూరంటాయిన్ కూడా తగదు, ఎర్రరక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది. పుట్టిన తొలి వారాల్లో ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ వంటి మందులు బిడ్డ జీర్ణాశయం నుంచి పేగులోకి వెళ్లే దారి ఇరుకైపోవడానికి దారితీయవచ్చన్న అనుమానం ఉంది. ఆధారాలు బలంగా లేకపోయినా, బిడ్డ పాలు దూరంగా చిమ్మేలా కక్కుతుంటే పట్టించుకోవాలి. కాబట్టి ల్యాక్ట్‌మెడ్ చదివేవారు బిడ్డ వయసు, నెలలు నిండి పుట్టిందా, కామెర్లున్నాయా అన్న మూడు విషయాలూ తమంతట తామే కలుపుకొని చదవాలి.

రెండో లోపం భాష. పూర్తిగా ఇంగ్లిషులో, అదీ వైద్యుల ఇంగ్లిషులో ఉంటుంది. రంగులు, గుర్తులు ఏమీ లేవు. ఇక్కడే ఈ-లాక్టాన్సియా అనే స్పెయిన్ సైటు ముందుంటుంది. అక్కడి శిశువైద్యులు నడిపే ఈ సైటు స్పానిష్, ఇంగ్లిషు భాషల్లో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి మందుకూ అతితక్కువ ప్రమాదం నుంచి అతిఎక్కువ ప్రమాదం వరకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో నాలుగు మెట్లు పెట్టారు. మొదటి చూపుకు ఇదే సులువు. కాకపోతే రంగు చూసి వెళ్లిపోయేవారికి పసుపు కింద రాసిన షరతు కనబడదు. ఆకుపచ్చ వస్తే స్థిమితపడవచ్చు. వేరే ఏ రంగు వచ్చినా ల్యాక్ట్‌మెడ్ పేజీ పూర్తిగా చదివి, దాన్ని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం మంచిది. "ఇది వద్దంటున్నారు" అనడం కన్నా "బదులుగా ఈ మందులు చూపిస్తోంది, వీటిలో ఏదైనా పనిచేస్తుందా" అని అడిగితే సంభాషణ ముందుకు సాగుతుంది. తల్లికి వచ్చిన ఇన్ఫెక్షన్‌కు ఏ మందు సరిపోతుందో ఈ రెండు సైట్లూ చెప్పవు, చెప్పడం వాటి పని కూడా కాదు.

మందు పేజీలో వెతికినా తేలిగ్గా దొరకని రెండు సంగతులున్నాయి. ఒకటి, పాలు పిండి పారబోస్తే మందు త్వరగా పోతుందన్నది నిజం కాదు. తల్లి రక్తంలో మందు తగ్గేకొద్దీ పాలలోనూ అదే తగ్గుతుంది. పాలివ్వడం ఆపాల్సిన గంటల్లో పిండేది రొమ్ములు గట్టిపడకుండా ఉండటానికి, పాలు తగ్గిపోకుండా ఉండటానికి మాత్రమే. రెండోది, రొమ్ము ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ వాడుతూ ఒక్కసారిగా పాలివ్వడం మానేస్తే వాపు, నొప్పి పెరుగుతాయి. అక్కడ పాలివ్వడం కొనసాగించడమే వైద్యంలో భాగం. అలాగని రొమ్ము ఖాళీ చేయాలని అదేపనిగా పిండటం కూడా వాపును పెంచుతుంది. బిడ్డ అడిగినంత ఇస్తే చాలు.

కోర్సు నడుస్తున్నన్ని రోజులూ బిడ్డ మలం, నోరు, చర్మం రోజూ చూసుకోవాలి. మలం కాస్త పలచబడి బిడ్డ హుషారుగా పాలు తాగుతుంటే కంగారు లేదు. మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, పాలు పట్టకుండా మత్తుగా పడుకున్నా, కళ్లు పచ్చబడినా అదే రోజు వైద్యుడికి చూపించి, తల్లి వేసుకుంటున్న మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ చెప్పాలి.