నాచు గుళికల కిట్: ప్రయోగం బాగుంది, పెట్టె మీద గొప్పలే ఎక్కువ

స్కూల్లో సైన్స్ చెబుతాను. గాయాలకు నాచుతో ఆక్సిజన్ అందించే పరిశోధన గురించి పెద్ద క్లాసు పిల్లలకు చెప్పేముందు, కళ్లారా చూపించడానికి ఏదైనా ఉంటే బాగుంటుందని ఈ కిట్ తెప్పించాను.

గుళికలు తయారయ్యే తీరు చూడాల్సిందే. సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే పొడి) జెల్‌లో చిక్కటి నాచు కలిపి, సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి చుక్కలుగా వదలాలి. చుక్క పడీ పడగానే పైపొర గట్టిపడి పచ్చటి పూసలా అడుక్కి దిగుతుంది. సిరంజి మరీ కిందికి పట్టుకుంటే మాత్రం పూసకు తోక మొలుస్తుంది. పిల్లలకు ఆ తోకలే ఎక్కువ నచ్చాయనుకోండి, అది వేరే సంగతి.

ఆల్జినేట్ పొడిని కలిపి వెంటనే వాడొచ్చని కాగితంలో రాశారు. నమ్మకండి, ఉండలు కట్టి సిరంజి మూసుకుపోతుంది. ముందురోజు రాత్రే నానబెట్టాలి. పూసల్ని ఇండికేటర్ (కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి రంగు మారే ద్రవం) ఉన్న సీసాల్లో వేయాలి. ఆ సీసా మూత తీసి దాని మీద ఊపిరి వదలనివ్వకండి, పసుపు రంగుకు తిరుగుతుంది. లైటుకూ సీసాలకూ మధ్య ఒక గాజు పాత్రలో నీళ్లు పెడితే వేడి తగలదు.

వెలుతురులో పెట్టిన సీసా ఎరుపు నుంచి ఊదాకు మారింది, చీకట్లోది పసుపైంది. "ఆక్సిజన్ పుట్టడం చూడండి" అని పెట్టె మీద ఉంది కానీ, ఈ రంగు చెప్పేది కార్బన్ డయాక్సైడ్ తగ్గిందా, పెరిగిందా అన్నదే. ఆక్సిజన్‌ను మనం ఊహించుకోవాలి.

"రేపటి వైద్యం మీ చేతుల్లో" అన్న మాటే అసలు చిరాకు. 2020లో చైనా పరిశోధకులు డయాబెటిస్ ఉన్న ఎలుకల గాయాలకు వేసిన ప్యాచ్‌లోనూ ఇలాంటి ఆల్జినేట్ గుళికలే ఉన్నాయి, నిజమే. వాటిలో సైనెకోకాకస్ అనే సయనోబాక్టీరియా (వెలుతురుతో ఆక్సిజన్ తయారుచేసే బ్యాక్టీరియా) వదిలే ఆక్సిజన్ నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి, చర్మంలోకి మామూలు గాలిలోని ఆక్సిజన్ కన్నా బాగా ఇంకుతుంది. గాయం పైనే ఉంటుంది కనుక వెలుతురు తగులుతుంది. అదే ఒంటి లోపలైతే వెలుతురు చేరదు. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఇదే జీవిని ఎలుక గుండెలోకి ఎక్కించి, ఛాతీ తెరిచి ఉంచి లైటు వేశారు. ఈ చిక్కు గురించి కిట్‌లో ఒక్క ముక్క లేదు.

ఐదుకు మూడున్నర. క్లాసుకైతే కొనండి. అదనంగా రెండు సిరంజిలు పక్కన పెట్టుకోండి.