క్యానన్‌బాల్ యాడర్లీ ‘మెర్సీ, మెర్సీ, మెర్సీ’: శాక్సాఫోన్ ఆగి చోటిచ్చిన ఆల్బమ్

గుంటూరులో మా చర్చిలో ఆదివారం ఆరాధనకు కీబోర్డు వాయిస్తాను. ఎదురుగా జనం ఉన్నప్పుడు ఎక్కడ వాయించాలో, ఎక్కడ చేతులు తీసెయ్యాలో నాకు నేర్పిన ఆల్బమ్ ఇది. మా క్వయర్‌లో కీబోర్డు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ముందుగా దీన్నే వినిపిస్తాను.

క్యానన్‌బాల్ యాడర్లీ అమెరికా జాజ్ కళాకారుడు, అతని వాద్యం ఆల్టో శాక్సాఫోన్. 1959లో ట్రంపెట్ వాద్యగాడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మరో శాక్సాఫోన్ వాద్యగాడు జాన్ కోల్ట్రేన్‌కు దీటుగా వాయించిన మనిషి. అంతకుముందు ఫ్లోరిడాలో బడి పిల్లలకు బ్యాండు నేర్పిన మాస్టారు. ఆ మాస్టారుతనం ఇక్కడా తెలుస్తుంది. ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాటకు ముందు మైకు అందుకుని, కష్టం వచ్చినప్పుడు మనిషికి ఏం చెయ్యాలో తోచదంటూ నాలుగు మాటలు చెబుతాడు. ఆ మాటలకే జనం ఊకొడతారు.

అట్ట మీద ‘ద క్లబ్’లో జరిగిన కచేరీ అని ఉంటుంది. నిజానికి 1966 అక్టోబరులో హాలీవుడ్‌లోని క్యాపిటల్ స్టూడియోకు అతిథులను పిలిచి, తాగడానికి పోసి, వాళ్ల ఎదుట రికార్డు చేశారు. నిర్మాత డేవిడ్ యాక్సెల్‌రాడ్. ఇది తెలిశాక కూడా నాకు ఆల్బమ్ మీద ప్రేమ తగ్గలేదు. ఆ కేకలు వేసింది నిజమైన మనుషులే. వాటికి వాద్యగాళ్లు ఊపందుకోవడమూ నిజమే.

ఎల్పీ మొదటి వైపు చివర వచ్చే పేరు పాట కోసమే ఈ ఆల్బమ్ కొనవచ్చు. కట్టింది పియానిస్టు జో జావినుల్. వియన్నాలో పుట్టినవాడు నల్లజాతి చర్చి పాటల నడకను అంత బాగా ఎలా పట్టుకున్నాడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. వాయించింది వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో. అందులో తీగలుండవు, చిన్న సుత్తులు ఉక్కు రేకులను కొడతాయి. మెల్లగా తాకితే గంటలా మోగుతుంది, గట్టిగా నొక్కితే గరగరమంటుంది. జావినుల్ ఎడమచేయి బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) మధ్య తొందర లేకుండా ఊగుతుంది. పాస్టరు ప్రార్థన ముగింపుకు వస్తున్నప్పుడు మేం వాయించేదీ ఇలాంటిదే. తర్వాత శాక్సాఫోన్, తమ్ముడు నాట్ యాడర్లీ కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) కలిసి ఒకే గొంతుతో లేస్తాయి. జనం అరుస్తారు. వెంటనే స్వరం తగ్గిపోతుంది, మళ్లీ మొదటినుంచి నిదానంగా పైకి వస్తుంది.

ఈ పాటలో క్యానన్‌బాల్ ఒంటరిగా వాయించే సోలో లేదు! అంతటి వేగం, అంతటి మనోధర్మం ఉన్నవాడు పల్లవి మాత్రం వాయించి ఊరుకున్నాడు. 1967లో అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 11వ స్థానం దాకా వెళ్లింది ఆ పాటే. ఎలక్ట్రిక్ పియానోకు అతనిచ్చిన ఆ చోటులోనే ఫ్యూజన్ (జాజ్‌ను రాక్ లాంటి సంగీతంతో కలిపిన శైలి) మొలకెత్తిందని నా నమ్మకం. జావినుల్ 1969లో మైల్స్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’లో వాయించాడు, 1970లో శాక్సాఫోన్ వాద్యగాడు వేన్ షార్టర్‌తో కలిసి వెదర్ రిపోర్ట్ అనే ఫ్యూజన్ బృందం పెట్టాడు.

శాక్సాఫోన్ విశ్వరూపం కావాలంటే మొదటి పాట ‘ఫన్’ వినండి. ‘స్టిక్స్’ చిన్నదే, కానీ కాలు ఆడించకుండా కూర్చోలేం. ‘హిప్పోడెల్ఫియా’ మాత్రం నా మనసుకు అంతగా పట్టలేదు. చివరి ‘శాక్ ఓ వో’ యాడర్లీ 1960లోనే ఒకసారి రికార్డు చేసిన సొంత పాట. ఇక్కడ మరింత విశ్రాంతిగా, మరింత అల్లరిగా ఉంది.

ఫోను స్పీకరులో మాత్రం వినకండి. విక్టర్ గాస్కిన్ బాస్ పూర్తిగా మాయమవుతుంది. పేరు పాటలో రాయ్ మెకర్డీ డ్రమ్స్ అంత తక్కువ దెబ్బలతో నడవగలిగేది ఆ బాస్ ఉన్నందుకే. కనీసం ఇయర్‌ఫోన్లయినా పెట్టుకోండి.