గంటస్తంభం దగ్గరి బైండింగ్ దుకాణం

విజయనగరంలో పాత చేతిరాత ప్రతులు బైండింగ్ చేయించాలనుకునేవారు గంటస్తంభం దగ్గరి సందులో ఉన్న ఈ చిన్న దుకాణానికి నిశ్చింతగా వెళ్లవచ్చు. మా నాన్నగారు పరిషత్తు పోటీలకు నాటికలు రాసేవారు. ఆయన పోయాక ఆ ప్రతులన్నీ ఇక్కడే ఇచ్చాను.

పిన్నులు కొట్టి సరిపెట్టలేదు, దారంతో కుట్టారు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపారు. అంచులు కోయబోయే ముందు ఆగి నన్ను పిలిచారు. నాన్న రంగసూచనలన్నీ మార్జిన్ చివరిదాకా రాసేవారు; కోస్తే ఎవరు ఎటునుంచి రావాలో సగం తెగిపోయేది. కోయకుండానే అట్ట వేశారు. పుస్తకాల అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, నాకు కావలసిందీ అదే.

అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటి చేశారు. కట్టలు సరిచూస్తూ, "దీని చివర తెర లేదమ్మా, మిగతా కాగితాలు ఇంట్లో ఉండిపోయాయా?" అని అడిగారు. నాటిక ముగియగానే "తెర" అని రాసి కింద గీత గీయడం నాన్న అలవాటు. అది ఆయన ముగించని నాటిక. అలాంటివి పొయ్యిలో పెట్టేయమని మాకందరికీ చెప్పారు. ఆ మాట వినగానే దుకాణదారు ఆ కట్టను వేరుచేసి, కాగితాలు నా ఎదుటే లెక్కపెట్టి కవరులో పెట్టి ఇచ్చారు. జిరాక్సు తీసి దాచుకోమని బంధువుల్లా ఒత్తిడి చేయలేదు.

మావాళ్లు గురజాడను ఉదాహరణగా చూపిస్తారు. 1915లో ఆయన పోయేనాటికి అసంపూర్ణంగా ఉన్న కొండుభట్టీయం, బిల్హణీయం అచ్చయ్యాయి కాబట్టే చదవగలుగుతున్నాం కదా అంటారు. నిజమే, ఇష్టంగానే చదివాను. కానీ వాటిని తగలబెట్టమని ఆయన అన్నట్టు నేనెక్కడా చదవలేదు. 2016లో మరణించిన అమెరికా నాటకకర్త ఎడ్వర్డ్ ఆల్బీ అయితే అసంపూర్ణ ప్రతులను నాశనం చేయాలని వీలునామాలోనే రాశారు. 1892లో ఈ ఊళ్లోనే ఆడిన కన్యాశుల్కాన్ని గురజాడ తిరగరాసి, 1909లో మళ్లీ అచ్చువేయించారు. ఎక్కడ ఆపాలో తేల్చుకునే హక్కు రాసినవారిదే. నాన్న మాట ప్రకారమే చేస్తాం.

లోపాలూ చెప్పాలి. అన్న రోజుకు ఇవ్వలేదు. ఒక సంపుటం వీపు మీద నాన్న ఇంటిపేరు తప్పుపడితే, అదనంగా తీసుకోకుండా దిద్దారు. కాలికో అట్టతో సంపుటానికి 350 రూపాయలు. కాలేజీ రికార్డుల రద్దీ ఉన్నప్పుడు వెళ్లకండి. పేజీ అంకెలు మాత్రం ఇంట్లోనే వేసుకుని వెళ్లండి.