టెన్స్ మెషీన్ మంచిదే, తంటా అంతా పట్టీలతోనే

నెలసరి నొప్పికి ఆక్యుపంక్చర్ చేయించమంటారు గానీ, సూదులంటే హడలిపోయే మా పిల్లకి అది ఎలా చేయిస్తామండీ? అందుకే మా ఇంట్లోకి టెన్స్ మెషీన్ వచ్చింది, అంటే ఒంటికి అతికించిన పట్టీల గుండా సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే చిన్న యంత్రం. వైద్య పరిశోధనలన్నీ జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ వాళ్ల 2016 సమీక్ష కూడా ఆ సూదులకి గట్టి రుజువు లేదనే తేల్చింది, కాబట్టి పోయిందేం లేదు. మెషీన్‌కి వంక పెట్టను. నా కోపమల్లా ఆ జిగురు పట్టీల మీదే.

కోనసీమ ఉక్కపోత సంగతి తెలిసిందేగా. చెమటకి పట్టీ అడుగునున్న జెల్ మెత్తబడి అంచు లేస్తుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది గానీ, పట్టీ మొత్తం మీద పరుచుకోవాల్సిన కరెంటు రూపాయి బిళ్లంత చోటు నుంచే పోతుంది. జివ్వుమనాల్సింది కాస్తా చురుక్కున పొడుస్తుంది. సూదులు వద్దనుకుని కొన్నదాంట్లో సూదిపోటు! అలాంటప్పుడు పవర్ తగ్గించి సరిపెట్టకూడదు. ఆపేసి, ఒళ్లు తుడిచి, మళ్లీ అతికించాలి.

కొబ్బరినూనె, పౌడరు ఒంటిమీద ఉంటే అసలు అంటుకోదు. సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తీసేటప్పుడు వైరు పట్టి లాగితే లోపలి తీగ తెగుతుంది, అంచు పట్టుకునే తియ్యాలి. వాడాక దాని ప్లాస్టిక్ షీటుకే అంటించి, జిప్ కవర్లో వేసి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. జెల్ ఎండితే ఒక్క నీటిచుక్క చాలు. వానాకాలంలో అదీ వద్దు.

పట్టీలు రెండు బొడ్డు కింద అటూ ఇటూ, రెండు నడుము దగ్గర వెన్నుపూసకి ఇరుపక్కలా. 80–100 హెర్ట్జ్‌లో పెట్టి, నొప్పి పుట్టకుండా గట్టిగా తెలిసేంత వరకు పెంచాలి. కాసేపటికి ఒంటికి అలవాటై తెలియడం మానేస్తుంది, అప్పుడు ఇంకో మెట్టు. ఇది చెయ్యకే చాలామంది పనిచెయ్యట్లేదంటారు.

అలాగని మాత్ర మానేసేంత కాదు. నొప్పి కబురు మెదడుకి చేరకుండా అడ్డుపడడం వరకే దీని పని. గర్భసంచిని పిండేసే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలని తగ్గించేది మెఫెనమిక్ యాసిడ్ లాంటి మాత్రే. డాక్టరు రాసిన మాత్ర అన్నం తిన్నాక వేసుకుని, పైన ఇది పెడితే మొదటి రోజు గడుస్తుంది. మెషీన్ తీసిన కాసేపటికి నొప్పి మళ్లీ మొదలవ్వచ్చు.

మా పిల్ల ఇంటి నుంచే కాలేజీకి వెళ్తుంది, ఫ్యాను కింద పడుకుని పెట్టుకోగలదు కాబట్టి మాకు కుదిరింది. హాస్టల్లో ఉండి, యూనిఫాం కింద వైర్లు దాచుకోవాల్సిన పిల్లకైతే కొనమనను. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. నిద్రపోతూ ఎవరూ పెట్టుకోకూడదు. మూడు నెలలు మాత్రలు సరిగ్గా వాడినా క్లాసులు పోతూనే ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉండొచ్చు, ముందు గైనకాలజిస్టుకి చూపించండి.