ప్లగిన్ వేయాలా, హోస్టింగ్ మార్చాలా, కలుపు తీయాలా?

ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఏసీ రిపేర్, పెస్ట్ కంట్రోల్ పనులు చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే. "సైటు ఫోన్‌లో తెరుచుకోడానికి యుగం పడుతోంది. కాషింగ్ ప్లగిన్ వేస్తే చాలా, హోస్టింగ్ మార్చాలా, సైటే కొత్తగా కట్టించుకోవాలా?" (కాషింగ్ అంటే ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ మళ్లీ ఇవ్వడం, హోస్టింగ్ అంటే సైటు ఉండే సర్వర్.) నాలుగో మార్గం గురించి మాత్రం ఎవరూ అడగరు. అది ఉన్న సైటులోంచే అక్కర్లేనివి పీకేయడం, అంటే కలుపు తీయడం. నా మొగ్గు దానివైపే. అయితే అందరికీ అదొక్కటే సరిపోదు కాబట్టి నాలుగూ చూద్దాం.

ముందు గీటురాయి ఏమిటో తేల్చుకోవాలి. ఈ తరహా సైటుకి వేగమంటే పేజీ మొత్తం దిగిపోవడం కాదు. పగిలిన పైపుని ఒక చేత్తో గుడ్డతో అదిమిపట్టి, రెండో చేత్తో ఫోన్ చూస్తున్న మనిషికి కావాల్సినవి రెండే: మీరు ఆ పని చేస్తారా, నంబరు ఎక్కడుంది. కాల్ బటన్ ఎంతసేపటికి కనిపిస్తోంది, నొక్కగానే డయలర్ తెరుచుకుంటోందా, నొక్కబోయేలోపు బటన్ కిందికి జారిపోతోందా అన్నవే అసలు పరీక్షలు. గూగుల్ కొలతల్లో వీటికి దగ్గరగా ఉండేవి ఎల్‌సీపీ (తెర మీది పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం), ఐఎన్‌పీ (నొక్కితే స్పందించే సమయం), సీఎల్‌ఎస్ (పేజీలోవి ఎంత జారుతున్నాయో చెప్పే అంకె). అవి వరసగా 2.5 సెకన్లు, 200 మిల్లీసెకన్లు, 0.1 దాటకపోతే బాగున్నట్టు లెక్క. గూగుల్ వేగ పరీక్ష పేజీ అయిన పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పైన కనిపించే అసలు వాడకందారుల లెక్కలు 28 రోజులవి. చిన్న సైట్లకి సరిపడా సందర్శకులు ఉండరు కాబట్టి చాలాసార్లు ఆ భాగం ఖాళీగా ఉంటుంది, కింద ల్యాబ్ స్కోరే, అంటే యంత్రం పేజీని తెరిచి ఇచ్చే మార్కే, మిగులుతుంది. ఆ స్కోరు ఒక్కో పరుగుకి ఒక్కోలా వస్తుంది. అయిదుసార్లు పరిగెత్తించి నడిమి అంకె తీసుకోండి, ఒక్కసారికే నమ్మకండి.

హోస్టింగ్ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉండే పరీక్షల పెట్టె డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీ రీలోడ్ చేయండి. మొదటి వరస మీద నొక్కి, టైమింగ్‌లో సర్వర్ జవాబు కోసం ఆగిన సమయం చూడండి. అది 300, 400 మిల్లీసెకన్లే ఉంటే హోస్టింగ్ మార్చి సాధించేదేమీ లేదు, జబ్బు వేరే చోట ఉంది. 800 దాటితే, అందులోనూ కాషింగ్ పెట్టాక కూడా దాటుతుంటే, మార్చాల్సిందే. ఇక్కడ చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. గూగుల్ యాడ్ నొక్కి వచ్చేవాళ్ల అడ్రసు చివర జీసీఎల్‌ఐడీ (gclid) అనే తోక ఉంటుంది, అది ప్రతి క్లిక్కుకీ వేరు. కాషింగ్ సరిగా అమర్చకపోతే సర్వర్ ప్రతి తోకనీ కొత్త పేజీ అనుకుని మొదట్నుంచీ తయారుచేస్తుంది. డబ్బు పెట్టి రప్పించుకున్న మనిషికే పేజీ అందరికంటే నిదానంగా తెరుచుకుంటుందన్నమాట. మీ అడ్రసు చివర ?gclid= అని పెట్టి, దాని వెనక ఏదో ఒక మాట తగిలించి తెరవండి. మామూలు పేజీతో పోలిస్తే ఆగే సమయం రెట్టింపైతే, కాష్ సెట్టింగుల్లో ఆ తోకనీ, సందర్శకుడు ఎక్కడినుంచి వచ్చాడో చెప్పే యూటీఎం (utm) తోకలనీ పట్టించుకోవద్దని చెప్పాలి. దీనికి హోస్టింగ్ మార్చనక్కర్లేదు.

కాషింగ్ ప్లగిన్ వేసుకోవచ్చు. తయారైన పేజీని దాచి ఇవ్వడం, ఫైళ్లని కుదించడం దాకా అది చేసే పని మంచిదే. గొడవంతా "జావాస్క్రిప్ట్‌ని ఆలస్యం చేయి" అనే బటన్‌తో వస్తుంది. అది నొక్కగానే స్కోరు 45 నుంచి 90కి ఎగబాకుతుంది, చేసినవాళ్లు స్క్రీన్‌షాట్ పంపిస్తారు. నిజానికి ఆ సెట్టింగ్ స్క్రిప్టులని (పేజీలో మెనూలు, విడ్జెట్లు నడిపే కోడ్) తీసేయలేదు, సందర్శకుడు తెరని తాకేదాకా ఆపిందంతే. కొలిచే యంత్రం తెరని తాకదు కాబట్టి దానికి అంతా తేలిగ్గా కనిపిస్తుంది. మనిషి మాత్రం తాకుతాడు. ఆ మొదటి తాకిడితోనే ఆగి ఉన్న స్క్రిప్టులన్నీ ఒక్కసారి మీదపడతాయి. మెనూ నొక్కితే తెరుచుకోదు, రెండోసారి నొక్కాలి. ఏ యాడ్ నుంచి కాల్ వచ్చిందో లెక్కించే ట్రాకింగ్ నంబరు వచ్చేలోపే మామూలు నంబరుకి కాల్ వెళ్లిపోతుంది. ఏ యాడ్ నుంచి ఎన్ని కాల్స్ వచ్చాయన్న లెక్క తప్పుతుంది. స్కోరుకి 100 కావాలన్న పంతం లేకపోతే ఈ బటన్ జోలికి వెళ్లకండి.

ఇక కలుపు తీత. దేన్ని తీయాలో ఊహించక్కర్లేదు, కొలిచి చూడొచ్చు. అదే నెట్‌వర్క్ ట్యాబ్‌లో వరసలని డొమైన్ ప్రకారం పేర్చండి. మీది కాని ప్రతి డొమైన్ మీదా రైట్ క్లిక్ చేస్తే దాన్ని బ్లాక్ చేసే ఆప్షన్ ఉంటుంది. ఒక్కొక్కటే బ్లాక్ చేసి, డెవ్‌టూల్స్‌లోనే ఉండే లైట్‌హౌస్ అనే వేగ పరీక్ష నడిపి, ఆ బ్లాక్ తీసేయండి. మొబైల్ స్కోరులో టోటల్ బ్లాకింగ్ టైమ్ (స్క్రిప్టుల వల్ల పేజీ స్తంభించే సమయం) వాటానే 30 శాతం. ఏ డొమైన్ ఆపితే అది ఎక్కువ పడిపోతోందో దాన్నే ముందు చూడండి. సైటులో ఏదీ చెడకుండానే దొంగ దొరుకుతాడు.

సాధారణంగా దొరికేవి ఇవే. మొదటిది చాట్ విడ్జెట్. దాని బదులు మామూలు వాట్సాప్ లింకు పెడితే ఒక్క వరస హెచ్‌టీఎంఎల్‌తో పోతుంది. రెండోది గూగుల్ మ్యాప్. పని చేయడానికి మీరే వాళ్లింటికి వెళ్తారు కదా, మీ ఆఫీసుకి దారి ఎవరికి కావాలి? తిరిగే ప్రాంతాల పేర్లు అక్షరాల్లో రాస్తే సరిపోతుంది. రివ్యూల విడ్జెట్ తీసేసి నాలుగు రివ్యూలు తేదీలతో సహా పేజీలోనే రాసి, ప్రొఫైల్‌కి లింకు ఇవ్వండి. రీక్యాప్చా (రోబోలని ఆపే గూగుల్ తనిఖీ) ఫారం ఉన్న పేజీలో తప్ప ఇంకెక్కడా అక్కర్లేదు, కానీ చాలా ఫారం ప్లగిన్లు దాన్ని ప్రతి పేజీలోనూ దించుతాయి. ట్రాకింగ్ కోడ్‌లని ఒకచోట పెట్టే ట్యాగ్ మేనేజర్ తెరిస్తే పాత ఏజెన్సీ వదిలేసి వెళ్లిన ట్రాకింగ్ కోడ్‌లు కనిపిస్తాయి. ఎవరివో తెలియనివి ముందు పాజ్ చేసి, నెల చూసి తీసేయండి.

ఆ తర్వాత పైన కనిపించే పెద్ద బొమ్మ. నిదానంలో సగం పాపం దీనిదే. స్లైడర్ ఉంటే తీసేయండి, రెండో స్లైడ్ దాకా ఆగేంత తీరిక ఎవరికీ లేదు. ఫోన్‌తో తీసిన 4000 పిక్సెళ్ల ఫొటో అలాగే ఎక్కించి ఉంటే, ఫోన్ తెరకి 800 నుంచి 1000 పిక్సెళ్ల వెడల్పు చాలు. వెబ్‌పీ రూపంలో 75 నాణ్యతతో దాచితే సాధారణంగా 100 కేబీ లోపుకి వస్తుంది. అయినా ఆలస్యమైతే రెండు తప్పులు వెతకాలి. ఒకటి, ఈ బొమ్మకి కూడా లేజీ లోడింగ్ (కనిపించే వేళకే దించే పద్ధతి) తగిలించడం. అలా చేస్తే అది తెర మీదే ఉందని తేలేదాకా బ్రౌజర్ దాన్ని అడగదు. రెండోది, పేజ్ బిల్డర్ (కోడ్ రాయకుండా పేజీ కట్టే సాధనం) దాన్ని సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే ఫైలు) బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టడం. అప్పుడు సీఎస్‌ఎస్ దిగి చదివేదాకా అక్కడ బొమ్మ ఉందనే బ్రౌజర్‌కి తెలియదు. మామూలు ఇమేజ్ ట్యాగ్‌గా పెట్టి, లేజీ తీసేసి, ముందు దించమని చెప్పే fetchpriority=high అని రాయండి. వెడల్పు, ఎత్తు అంకెలు కూడా ఇస్తే ముందే చోటు కేటాయించబడి కాల్ బటన్ జారదు.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష మిగులుతుంది. డెవ్‌టూల్స్‌లో జావాస్క్రిప్ట్ పూర్తిగా ఆపి పేజీ తెరవండి. కాల్ బటన్ ఉండాలి, దాని వెనక టెల్ లింకులో (నొక్కితే డయలర్ తెరిచే tel: లింకు) నిజమైన నంబరు ఉండాలి. స్క్రిప్టు వచ్చాక ట్రాకింగ్ నంబరుగా మారితే మారనివ్వండి. కానీ అది వచ్చేదాకా లింకు ఖాళీగా ఉందంటే అంతసేపూ ఆ బటన్ బొమ్మే.

ఏఎంపీ, అంటే గూగుల్ ఒకప్పుడు ముందుకు తెచ్చిన తేలికపాటి మొబైల్ పేజీల పద్ధతి, గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. సీడీఎన్ (సైటు ఫైళ్లని చాలా ఊళ్లలోని సర్వర్లలో దాచే సేవ) మీ సర్వర్ వేరే ఖండంలో ఉంటే పనికొస్తుంది. కస్టమర్లంతా సర్వర్‌కి దగ్గర్లోనే ఉంటే పెద్ద తేడా ఉండదు. పైగా క్లౌడ్‌ఫ్లేర్ వంటివి మామూలు సెట్టింగుల్లో బొమ్మలు, స్క్రిప్టులు దాస్తాయి గానీ హెచ్‌టీఎంఎల్ పేజీని దాచవు.

కొత్త సైటు ఎప్పుడంటే, బయటి డొమైన్లన్నీ బ్లాక్ చేసి, బొమ్మ సరిచేసి కొలిచినా ఎల్‌సీపీ 4 సెకన్ల కిందికి రానప్పుడు. అప్పుడు తప్పు థీమ్‌దో, పేజ్ బిల్డర్‌దో. అయిదారు సర్వీసుల పేజీలు, ఒక ఫారం ఉన్న సైటుకి డేటాబేస్ అక్కర్లేని స్టాటిక్ పేజీలు చక్కగా సరిపోతాయి. ఫారంకి మాత్రం వేరే సర్వీసు చూసుకోవాలి. కట్టేవాళ్లకి పని అప్పగించే ముందే పాత పేజీల అడ్రసులన్నీ ఒక షీట్‌లో రాయించి, ఒక్కోదాన్నీ దానికి సరిపడే కొత్త పేజీకి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్ రాయించండి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే "గీజర్ రిపేర్" అని వెతికి వచ్చినవాడు హోమ్ పేజీలో దిక్కులు చూస్తాడు, గూగుల్ కూడా పాత పేజీ పోయినట్టే లెక్కేసుకుంటుంది.