కమోడ్ జామ్ అయితే ఏది మేలు: యాసిడా, ప్లంజరా, స్ప్రింగ్ వైరా?

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న. టాయిలెట్ జామ్ అయింది, ప్లంబర్ ఎల్లుండి గానీ రానంటున్నాడు, ఈలోపు యాసిడ్ పోయమంటారా, కర్రకి రబ్బరు కప్పుండే ప్లంజర్ కొనమంటారా అని. నన్నడిగితే ప్లంజరే. యాసిడ్ సీసా జోలికి మాత్రం నేను చివరికి కూడా వెళ్లను.

పనిచేస్తే ఏ పద్ధతైనా మంచిదే. పనిచేయకపోతే ఆ తర్వాత మన పరిస్థితి ఏంటన్నదే నేను చూస్తాను. ప్లంజర్ ఎంత కొట్టినా నీళ్లు దిగలేదనుకోండి, కమోడ్‌లో ఉన్నవి మామూలు మురికినీళ్లే, మగ్గుతో తోడేసి ఇంకోటి చేసి చూడొచ్చు. యాసిడ్ పోశాక దిగకపోతే కమోడ్ నిండా యాసిడ్ నీళ్లే, ఇక ప్లంజర్ కొడితే మొహం మీద చిందుతాయి, ప్లంబర్ వచ్చి చెయ్యి పెట్టాల్సిందీ అందులోనే, మనం ఆ మాట చెప్పడం మర్చిపోయామంటే పాపం అతని పని అంతే. వాసన పోతుందని కొందరు దాని మీద బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లుతారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్, అదీ తలుపేసిన చిన్న బాత్రూంలో!

ఇంతా చేసి యాసిడ్ కరిగించేది బోరు నీళ్లకి పట్టిన తెల్లటి గారని. కమోడ్‌లో అడ్డంపడే శానిటరీ ప్యాడ్లనీ, బేబీ వైప్స్‌నీ, షాంపూ ప్యాకెట్లనీ అదేం చేయలేదు. కాస్టిక్ సోడా ఉండే డ్రెయిన్ పౌడర్లు సింకు జిడ్డుకి బాగానే ఉంటాయి గానీ, కమోడ్ వంపులో కదలని నీళ్లలో గడ్డకడితే పాత జామ్‌కి కొత్తది తోడవుతుంది.

ప్లంజర్ పని చేయలేదనేవాళ్లు ఎక్కువగా సింకు ప్లంజర్‌తో కొట్టుంటారు. ఆ చదును రబ్బరు కప్పు వెస్టర్న్ కమోడ్ రంధ్రం మీద సరిగ్గా కూర్చోదు, పక్కల నుంచి గాలి పోతుంది. కప్పు కింద ఇంకో రబ్బరు గొట్టం బయటికి వచ్చి ఉండే రకం అడిగి తీసుకోండి. ఇండియన్ టాయిలెట్‌కైతే చదునుదే నయం.

ముందు ఫ్లష్ ట్యాంకుకి వెళ్లే యాంగిల్ కాక్ కట్టేయండి, లేదంటే ఇంట్లో ఎవరో ఒకరు ఫ్లష్ నొక్కుతారు, గదంతా పొంగుతుంది. రబ్బరు మునిగేదాకా నీళ్లుండాలి. మొదటిసారి మెల్లగా నొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది, ఆ తర్వాత అంచు లేవకుండా పైకీ కిందకీ ఆడించాలి. చాలామంది బలమంతా నొక్కడం మీదే పెడతారు. లాగేటప్పుడు కూడా అంతే బలం ఉండాలి, ఇరుక్కున్నది అటూ ఇటూ కదిలితేనే వదులవుతుంది. గుడగుడమని చప్పుడొచ్చి నీళ్లు ఒక్కసారిగా దిగాయంటే పనైపోయినట్టే.

ఒక్క సందర్భంలో మాత్రం స్ప్రింగ్ వైరుకే, అంటే పైపులోకి దూర్చే పొడవాటి వంగే తీగకే, నా ఓటు. పిల్లలు బొమ్మ పడేశారనో, ప్యాడ్ వెళ్లిందనో తెలిసినప్పుడు ప్లంజర్‌తో ముందుకి తోస్తే అది పైపులో ఇంకా లోపలికి పోయి ఆగుతుంది. వైరు కొసకి తగిలించి వెనక్కి లాక్కోవడమే మేలు. పింగాణీ మీద గీతలు పడతాయి కాబట్టి ప్లాస్టిక్ తొడుగున్నది చూసుకోండి.

వేడినీళ్లు, గిన్నెల లిక్విడ్: చిన్న జామ్‌కి పర్లేదు. చెయ్యి పట్టేంత వేడి చాలు, మరిగేవి పోస్తే కమోడ్ పగలొచ్చు. వంటసోడా, వెనిగర్: నురగ బాగుంటుంది, అంతే.

వీటన్నిటికీ ముందు బాత్రూం జాలీ చూడండి. అందులోంచి కూడా నీళ్లు పైకి వస్తుంటే బయట ఛాంబర్ మూత తీయండి. ఛాంబర్ ఖాళీగా ఉంటే అడ్డు ఇంటివైపు ఉన్నట్టు, నిండుగా ఉంటే అవతల ఉన్నట్టు, అప్పుడు ప్లంజర్ కొట్టి చేతులు నొప్పెట్టించుకోవడం దండగ. వానాకాలంలో సెప్టిక్ ట్యాంకే నిండిపోయి ఉండొచ్చు, దానికి సక్షన్ లారీని పిలవాల్సిందే. తక్కువలో అయిపోతుందని మనిషిని లోపలికి దించే బేరాలు మాత్రం వద్దు. లోపలి గ్యాస్‌కి మనుషులు చనిపోతున్నారు, రక్షణ సామగ్రి లేకుండా అలా దించడాన్ని మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషుల చేత మలం ఎత్తించడం) మీద వచ్చిన 2013 చట్టం నిషేధించింది కూడా.