కొరుకుడు చప్పుడు విని మేత వేసే యంత్రం: మా వెనామీ చెరువులో ఒక పంట

భీమవరం దగ్గర ఎకరంన్నర వెనామీ రకం రొయ్యల చెరువులో ఈ వేసవి పంటకు, రొయ్యలు మేత కొరికే చప్పుడును నీటిలో వేలాడే హైడ్రోఫోన్‌తో (నీటి లోపలి చప్పుళ్లను వినే మైకుతో) పసిగట్టి, వాటి ఆకలిని బట్టి మేత విరజిమ్మే యంత్రాన్ని బిగించాము. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి ఫోనుకు పంపే సెన్సారు దానితో పాటే వచ్చింది.

రొయ్య మేతను చేపలా మింగదు. కాళ్లతో పట్టుకొని కొద్దికొద్దిగా కొరుకుతుంది, కడుపు చిన్నది గనుక కొంతసేపటికే మళ్లీ తింటుంది. రోజుకు నాలుగుసార్లు చేత్తో చల్లినప్పుడు తినగా మిగిలినది నాని, అడుగున కుళ్లి అమ్మోనియాను పెంచుతుంది. మేత ఎంత మిగిలిందో చూడటానికి నీటిలో ఉంచే పళ్లెం, అంటే చెక్ ట్రే, ఎత్తి చూసి మరుసటి పూట మేత తగ్గించేలోగా ఆ నష్టం జరిగిపోయే ఉంటుంది. ఈ యంత్రం మాత్రం చప్పుడు తగ్గగానే ఆగుతుంది. గత పంటలో కిలో రొయ్యకు కిలోన్నర మేత పట్టగా, ఈసారి కిలో మూడు వందల గ్రాములు సరిపోయింది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే కనుక ఇది చిన్న ఆదా కాదు. ఆ మేతలో సముద్రపు చేపల పొడి ఉంటుందన్నదీ, మేము డ్రెయిన్‌లోకి వదిలిన నీరే దిగువ రైతు మోటారుతో తోడుకుంటాడన్నదీ నాకు డబ్బుతో సమానంగా ముఖ్యమైన విషయాలు.

జోరువాన కురిసిన రోజుల్లో యంత్రం చప్పుళ్లను పోల్చుకోలేక మేత తప్పుగా వేసింది కనుక, అప్పుడు దానిని ఆపి చేత్తోనే చల్లాము. అంతకంటే నన్ను కలవరపెట్టింది సెన్సారు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళ ఒకనాడు ఫోనులో 6 పీపీఎం (లీటరు నీటిలో 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్) కనిపించగా, చేతి మీటరు 3 చూపింది. వెంటనే నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లలో మిగిలినవన్నీ వేయబట్టి పంట దక్కింది. సెన్సారు కొనపై నాచు పేరుకోవడమే కారణమని, వారానికి రెండుసార్లు తుడవాలని అమ్మినవారు ముందుగా చెప్పలేదు. వారి మనిషి తొమ్మిది రోజుల తరువాత వచ్చాడు.

యంత్రం ఉన్నదని చెక్ ట్రే మానకూడదు. రొయ్య పేగు నిండుగా ఉందా, పేగు తెల్లబడే వైట్ గట్ జబ్బు లక్షణాలు కనిపిస్తున్నాయా అన్నది ట్రే చూస్తేనే తెలుస్తుంది.

మేతలో మిగిలిన డబ్బు రెండు పంటలకు గాని ధరను పూడ్చదు, కౌలు రైతుకు అది భారమే. అయినా వచ్చే పంటకు రెండో చెరువులోనూ మేత యంత్రాన్ని పెడుతున్నాము. ఆక్సిజన్‌కు మాత్రం చేతి మీటరునే వాడతాము.